ఆకు మీద ఆకు: హవాయి లౌలౌ

లౌలౌ హవాయి దీవుల సంప్రదాయ వంట. ఉప్పు పట్టించిన పంది మాంసం, చిన్న కొవ్వు ముక్క, ఒక ఉప్పు చేప ముక్క కలిపి చేమ ఆకుల్లో చుడతారు. ఆ పొట్లాన్ని 'కీ' అనే మొక్క ఆకుల్లో మళ్లీ మూటగట్టి నాలుగైదు గంటలు ఆవిరి మీద ఉడికిస్తారు. పై ఆకు తినేది కాదు. లోపలి ఆకును మాంసంతో పాటే తింటారు. హవాయి భాషలో 'లౌ' అంటే ఆకు. ఆ మాటను రెండుసార్లు అంటే లౌలౌ, ఆకులతో చుట్టిన మూట. అదే 'లౌ'కు అనేకం అనే అర్థం కూడా ఉంది. అక్కడి పాత లెక్కల్లో నాలుగు వందలకూ అదే పేరు. ఈ వంటకు ఆ రెండో అర్థం కూడా సరిగ్గా అతుకుతుంది. లౌలౌను ఒకటో రెండో చేసుకోవడం ఎవరికీ గిట్టదు. పెట్టుకుంటే యాభయ్యో వందో చేస్తారు. చుట్టడానికి పది చేతులు కావాలి, తినడానికి అంతకన్నా ఎక్కువ మంది కావాలి.

హవాయి పసిఫిక్ మహాసముద్రం నడిమధ్యలో ఉంది. అమెరికా పశ్చిమ తీరం నుంచి దాదాపు 4,000 కిలోమీటర్లు. అన్నీ అగ్నిపర్వతాల వల్ల పుట్టిన దీవులు, వాటిలో పెద్దవి ఎనిమిది. అమెరికా 1898లో వాటిని తనలో కలిపేసుకుని 1959లో యాభయ్యో రాష్ట్రంగా చేసింది. అంతకు ఎన్నో వందల ఏళ్ల ముందే దక్షిణ పసిఫిక్ దీవుల నుంచి పాలినేషియన్లు జంట పడవలు కట్టుకుని, నక్షత్రాలను గుర్తుపట్టుకుంటూ అక్కడికి చేరారు. వాళ్ల పడవల్లో పందులు, కోళ్లు, కుక్కలు ఉన్నాయి. చేమ పిలకలు, అరటి పిలకలు, కొబ్బరికాయలు, కీ మొక్కలు ఉన్నాయి. లౌలౌకు కావలసిన మాంసం, ఆకులు రెండూ ఆ పడవల్లోంచి దిగినవే.

తెచ్చుకున్న మొక్కల్లో అన్నింటికన్నా ముఖ్యమైనది చేమ. హవాయి వాళ్లు దాన్ని 'కలో' అంటారు. తెలుగు ఇళ్లలో పులుసు పెట్టే, వేపుడు చేసే చేమదుంప మొక్క ఇదే. శాస్త్రీయ నామం కూడా ఒక్కటే: కొలకేసియా ఎస్క్యులెంటా. మనకు అది కూర, వాళ్లకు అది అన్నం. దుంపను ఉడికించి, రాతి రోకలితో దంచి, నీళ్లు కలుపుతూ జారుగా చేసిన ముద్దను 'పోయ్' అంటారు. వేళ్లతో తీసుకుని నాకుతారు. ఒకటి రెండు రోజులు నిలవ ఉంచితే పులుస్తుంది. ఆ పులుపు కోసమే ఎదురుచూసేవాళ్లూ ఉన్నారు. అక్కడి భోజనంలో లౌలౌ కూర అయితే పోయ్ అన్నం.

కలోను పండించే మడిని 'లోఇ' అంటారు. కొండల మీది నుంచి దిగే వాగు నీటిని చిన్న కాలువతో మడిలోకి మళ్లించి, ఆ మడిలోంచి కింది మడిలోకి వదిలి, చివరికి మళ్లీ వాగులోనే కలుపుతారు. నీళ్లు నిలవకుండా పారుతూనే ఉండాలి. నిలిచి వేడెక్కితే దుంప కుళ్లుతుంది. కవాయి దీవిలోని హనలేయి లోయను పైనుంచి చూసిన తెలుగువాళ్లకు కోనసీమ గుర్తొస్తే ఆశ్చర్యం లేదు. చిన్న చిన్న మళ్లు, గట్లు, నీటి మీద ఆకాశం. దుంప తవ్విన రైతు దాని పైభాగాన్ని కాడతో సహా కోసి అదే బురదలో మళ్లీ గుచ్చుతాడు. ఆ ముక్కను 'హులి' అంటారు. విత్తనం కొనే పని లేదు. ఈ ఏటి మొక్క నిరుటి మొక్కలోంచి వచ్చిందే, అది అంతకుముందు ఏటి మొక్కలోంచి వచ్చిందే. ఆ వరసను పట్టుకుని వెనక్కి వెళ్తే మొదటి పడవ దాకా వెళ్లవచ్చు.

కలోకు హవాయి పురాణాల్లో ఒక కథ ఉంది. ఆకాశానికి ప్రతిరూపమైన వాకేయాకు, హోఓహోకూకలనికి పుట్టిన తొలి బిడ్డ ప్రాణం లేకుండా పుట్టాడు. ఆ బిడ్డను ఇంటి పక్కన మట్టిలో పూడ్చారు. అక్కడ మొలిచిన మొక్కే కలో. ఆ తరవాత పుట్టిన బిడ్డకు అన్న పేరే పెట్టారు, హాలోవా అని. ఆ రెండోవాడే హవాయి ప్రజలకు మూలపురుషుడు. అంటే చేమ మొక్క వాళ్లకు పంట కన్నా ముందు అన్న. అన్న తమ్ముణ్ని పోషిస్తాడు, తమ్ముడు అన్నను కాపాడుకోవాలి. కలో దుంప పక్కన పుట్టే పిలకను 'ఒహా' అంటారు. కుటుంబం అనడానికి హవాయి మాట 'ఒహన' ఆ పిలక నుంచే వచ్చింది. ఆకు కాడ ఆకును కలిసే చోటు పేరు 'పికో', అంటే బొడ్డు. ఈ మాటలన్నీ తెలిసినవాళ్లు లౌలౌ ఆకులు కడుగుతున్నప్పుడు చేతిలో ఉన్నది ఉత్త ఆకుకూర అనుకోలేరు.

ఈ నమ్మకం పాత కథగా మిగిలిపోలేదు. హవాయి విశ్వవిద్యాలయం మెరుగుపరిచిన మూడు కలో రకాల మీద పేటెంట్లు తీసుకున్నప్పుడు రైతులూ స్థానికులూ గట్టిగా అడ్డుపడ్డారు. అన్నకు ఎవరూ యజమానులు కాలేరన్నది వాళ్ల వాదన. 2006లో విశ్వవిద్యాలయం ఆ పేటెంట్లను వదులుకుంది. నీటి గొడవ ఇంకా పాతది. మావి దీవి తూర్పు భాగంలోని వాగుల నీటిని 1870ల నుంచి చెరకు తోటలకు మళ్లించుకుపోయారు. కింద ఉన్న కలో మళ్లు ఎండిపోయాయి. ఎన్నో ఏళ్ల పోరాటం తరవాత, చెరకు కంపెనీ మూతపడ్డాక, 2018లో రాష్ట్ర జలసంఘం చాలా వాగులకు నీరు తిరిగి వదలాలని తీర్పిచ్చింది. కాలువ చివరి ఆయకట్టు రైతు బాధ తెలిసిన తెలుగువాళ్లకు ఇది వేరే వివరించాల్సిన పని లేదు. మడిలో నీరు లేకపోతే ఆకు లేదు. ఆకు లేకపోతే లౌలౌ లేదు.

పై ఆకు సంగతి వేరు. కీ మొక్క మన నర్సరీల్లో ఎర్రటి, ఊదారంగు ఆకులతో అలంకారానికి అమ్మే కార్డిలైన్ జాతిది. హవాయి వంటకు వాడేది పచ్చ ఆకులది. ఆకు మూరెడు పొడవుంటుంది, నున్నగా, తడి ఒంటకుండా ఉంటుంది. ఎండిన తరవాత కూడా తోలులా వంగుతుంది. దేవుళ్లకు ఇచ్చే కానుకను ఈ ఆకులోనే చుడతారు. ఇంటి నాలుగు మూలలా నాటితే చెడు దరిచేరదని నమ్ముతారు. హులా నర్తకులు నడుముకు కట్టుకునేదీ ఈ ఆకే. గిన్నెలూ పళ్లాలూ లేని కాలంలో వంటకు ఇదే పాత్ర, దారిలో ఇదే మూట, తినేటప్పుడు ఇదే విస్తరి.

పాత రోజుల్లో వంట పొయ్యి నేలలోనే ఉండేది. దాని పేరు 'ఇము'. గొయ్యి తవ్వి, కట్టెలు పేర్చి, వాటి మీద చిల్లులు చిల్లులుగా ఉండే అగ్నిపర్వతపు రాళ్లు పరిచి నిప్పు పెడతారు. గట్టి రాయి వేడికి పగిలి ఎగురుతుంది కాబట్టి రాయిని ఎంచుకోవడం పెద్దలకు వదిలేసే పని. ఇప్పుడు ఎక్కువగా వాడే కట్టె కియావె. ఇది మన దగ్గర సర్కారు తుమ్మ అని తిట్టుకునే చెట్టుకు దగ్గరి చుట్టం, పంతొమ్మిదో శతాబ్దంలో హవాయికి వచ్చింది. రాళ్లు తెల్లగా కాలాక వాటిని సమం చేసి, చితగ్గొట్టిన అరటి బోదెలు పరుస్తారు. ఆవిరి ఆ బోదెల్లోని నీటి నుంచే పుడుతుంది. దాని మీద కీ ఆకులు, అరటి ఆకులు, ఆ పైన పంది, లౌలౌ మూటలు, చేమదుంపలు, చిలగడదుంపలు. మళ్లీ ఆకులు, తడిపిన గోనెసంచులు, చివర మట్టి. ఎక్కడన్నా ఆవిరి లేస్తే అక్కడ మట్టి కప్పుతారు. చిన్న ఇము నాలుగు గంటల్లో అవుతుంది. పంది మొత్తం వేస్తే రాత్రంతా ఉండాలి.

ఇందరికి ఇంత వంట చేసినా, ఒకప్పుడు అందరూ కలిసి తినడం కుదిరేది కాదు. 'కపు' అనే కట్టుబాటు ప్రకారం మగవాళ్లూ ఆడవాళ్లూ వేరువేరుగా తినాలి. పొయ్యిలు కూడా వేరు. పంది మాంసం, కొబ్బరి, అరటిలో చాలా రకాలు ఆడవాళ్లకు నిషేధం. తప్పితే మరణశిక్ష దాకా వెళ్లేది. పంది మాంసం పెట్టిన లౌలౌ ఆ కాలపు స్త్రీ నోటికి అందే తిండి కాదు. 1819లో మొదటి కమేహమేహా రాజు చనిపోయాక ఆయన భార్యల్లో ఒకరైన కఅహుమను, కొత్త రాజు తల్లి కేఓపూఒలని కలిసి ఈ కట్టుబాటును కూలదోశారు. ఆ కొత్త రాజు లిహోలిహో, అంటే రెండో కమేహమేహా, అందరి ముందు వెళ్లి ఆడవాళ్ల పంక్తిలో కూర్చుని తిన్నాడు. ఒక్క భోజనంతో దేవాలయాల వ్యవస్థ అంతా కదిలిపోయింది. సహపంక్తి భోజనానికి మన సంఘ సంస్కరణ చరిత్రలో ఎంత బరువుందో తెలిసినవాళ్లు ఆ పూట విలువను తేలిగ్గా పట్టుకోగలరు.

హవాయి విందుకు ప్రపంచమంతా వాడే పేరు 'లూఅవు'. అసలు ఆ మాటకు అర్థం లేత చేమ ఆకు. విందును పూర్వం 'అహఅయిన' అనేవారు. విందులో చేమ ఆకు తప్పకుండా ఉండేది కాబట్టి ఆకు పేరే విందుకు వచ్చింది. 1856లో హొనొలులు పత్రిక ఒకటి అలా వాడినట్టు నిఘంటువులో ఉంది. 1847 జులై 31న మూడో కమేహమేహా నుఉఅను లోయలో ఇచ్చిన విందు ఆ దీవుల్లో ఇప్పటికీ చెప్పుకునేది. పది వేల మంది వచ్చారంటారు. 271 పందులు, 482 పెద్ద బుర్రల పోయ్, 602 కోళ్లు, 12 పీపాల లూఅవు ఆకు, క్యాబేజీ ఆ రోజు పద్దుల్లో ఉన్నాయి.

ఇప్పుడు పట్టణాల్లో ఇము తవ్వే జాగా లేదు. పెద్ద డేగిసాలో నీళ్లు పోసి, జల్లెడ పళ్లెం పెట్టి ఆవిరి పడతారు. కానీ చుట్టే పద్ధతి మాత్రం మారలేదు. ముందుగా కీ ఆకు ఈనె తీయాలి. ఆకును బోర్లించి, కొస నుంచి కొంత దూరంలో ఈనె మీద చిన్న గాటు పెట్టి, వేలితో పట్టి కాడ వైపు లాగితే అది నారలా లేచి వస్తుంది. గాటు లోతైతే ఆకు చిరుగుతుంది. పైపైన పెడితే ఈనె మధ్యలో తెగుతుంది. చేయి తిరిగినవాళ్లు కత్తి లేకుండా పంటితో కొరికి లాగేస్తారు. ఈనె పోయాక ఆకు గుడ్డలా మెత్తబడి ఎటు మడిస్తే అటు మడతపడుతుంది.

చేమ ఆకుకు కాడ కోసేసి, లావుపాటి ఈనెల మీది పొర ఒలుస్తారు. పెద్ద ఆకు అడుగున, చిన్నవి పైన వచ్చేలా ఐదారు ఆకులు పేర్చి అరచేతిలో గిన్నెలా పట్టుకుంటారు. అందులో పంది జబ్బ మాంసం రెండు మూడు ముక్కలు, బొటనవేలంత కొవ్వు, ఉప్పు చేప ఒక ముక్క. చేపను అక్కడ బటర్‌ఫిష్ అంటారు. నిజానికది ఉత్తర పసిఫిక్ చల్లటి లోతుల్లో దొరికే బ్లాక్ కాడ్, హవాయి నీళ్లలోది కాదు, తరవాత వచ్చి చేరింది. ఆకుల అంచులు నాలుగు పక్కలా లోపలికి మడిస్తే పిడికిలికి కొంచెం పెద్దదైన పచ్చటి ఉండ తయారవుతుంది. దాన్ని కీ ఆకు కొస మీద పెట్టి కాడ దాకా చుట్టుకుంటూ వస్తారు. రెండు పక్కలు తెరిచి ఉంటాయి కదా, రెండో ఆకును అడ్డంగా వేసి వాటిని మూస్తారు. కాడలను పట్టుకుని, ఒకదాన్ని నిలువునా రెండుగా చీల్చి, మెడ చుట్టూ తిప్పి ముడి వేస్తారు. దారం అక్కర్లేదు. బరువు పట్టి చూస్తే అరచేతిలో నిండుగా కూర్చుంటుంది.

ఆ తరవాత ఓపిక పట్టడమే. చేమ ఆకులో కాల్షియం ఆక్సలేట్ సూదుల్లాంటి స్ఫటికాలుగా ఉంటుంది. సరిగ్గా ఉడకని ఆకు తింటే అవి నాలుకా గొంతూ గుచ్చి దురద, మంట పుట్టిస్తాయి. తెలుగు వంటలో ఈ దురదకు విరుగుడు చింతపండు. లౌలౌలో పులుపు లేదు, పసుపు కారం లేవు, విరుగుడల్లా సమయమే. నాలుగు గంటలకు తక్కువైతే ఒప్పుకోరు, ఆరు గంటలైనా తొందరపడరు. ప్రెషర్ కుక్కర్‌లో పెడితే గంటన్నరలో అవుతుంది. మామూలు ఆవిరి పాత్రలోనైతే నీళ్లు అడుగంటకుండా మధ్యమధ్య వేడినీళ్లు పోస్తూ ఉండాలి. అయ్యేసరికి కీ ఆకు పచ్చదనం పోయి ఆలివ్ గోధుమ రంగులోకి మారుతుంది. ముడి విప్పగానే తడి గడ్డీ టీ ఆకూ కలిసినట్టు ఒక వాసన లేస్తుంది. లోపల చేమ ఆకులు నల్లపచ్చగా, వెన్నలా ఉడికి ఉంటాయి. కొవ్వు కరిగి ఆకులోకి ఇంకిపోయి ఉంటుంది. మాంసం చెంచాతో తాకితే విడిపోతుంది. మసాలా అంటే ఉప్పు ఒక్కటే.

ఆ ఉప్పులోనూ ఒక విశేషం ఉంది. కవాయి దీవిలో హనపేపె దగ్గర ఇరవై పైచిలుకు కుటుంబాలు తరతరాలుగా మట్టి మళ్లలో సముద్రపు నీరు ఎండబెట్టి ఉప్పు తీస్తున్నాయి. ఎర్రమట్టి కలిపిన రకం కూడా చేస్తారు. ఆ ఉప్పును అమ్మరు. ఇస్తారు, లేదా ఇంకో వస్తువుతో మార్చుకుంటారు. దుకాణాల్లో హవాయి ఉప్పు పేరుతో దొరికేది వేరే. వంటింట్లో హనపేపె ఉప్పు ఉందంటే ఆ ఇంటికి అక్కడ ఎవరో దగ్గరివాళ్లు ఉన్నారని అర్థం. లౌలౌ రుచికి ఇంతకన్నా సరైన దినుసు లేదనిపిస్తుంది.

కలిసి పనిచేయడానికి హవాయి మాట 'లౌలిమ', అనేక చేతులు అని అర్థం. లౌలౌ చేసే రోజు ఆ మాట కళ్లెదుట కనిపిస్తుంది. ఒకరు ఆకులు కడుగుతారు, ఒకరు ఈనెలు తీస్తారు, ఒకరు మాంసం కోస్తారు, పెద్దావిడ ఒకరు ముడులు వేస్తుంటారు. పిల్లలకు ఉప్పు చల్లే పని ఇస్తారు. రెండు మూడు గంటలు బల్ల చుట్టూ చేతులు ఆడుతూనే ఉంటాయి, మాటలు నడుస్తూనే ఉంటాయి. వడియాలు పెట్టే రోజు, ఆవకాయ కలిపే రోజు ఎరిగిన వాళ్లకు ఈ సందడి కొత్త కాదు. వచ్చినవాళ్లెవరూ ఖాళీ చేతులతో వెళ్లరు. మూటలుగా ఉంటాయి కనుక పంచడం తేలిక, ఇంటికి తీసుకెళ్లడం తేలిక. ఉడికించినవి గడ్డకట్టించి దాచుకుని నెలల తరబడి మళ్లీ ఆవిరి పెట్టుకుని తింటారు.

బిడ్డకు ఏడాది నిండితే హవాయిలో పెద్ద విందు చేస్తారు. 1778లో నావికుడు కెప్టెన్ కుక్ వచ్చాక కొత్త రోగాలు దీవులను ఊడ్చేశాయి. లక్షల్లో ఉన్న స్థానికులు 1890 నాటికి 40 వేలకు దిగిపోయారు. పసిబిడ్డ మొదటి పుట్టినరోజు చూడటమే పండగ అయిన కాలమది. ఆ పండగ అలాగే నిలిచింది. పెళ్లిళ్లకు, బడి పట్టభద్రుల వేడుకలకు, చర్చి నిధులకు కూడా లౌలౌ చుడతారు. థ్యాంక్స్‌గివింగ్ పండగ ముందు రోజు ఊరందరి కోసం ఒక పెద్ద ఇము వేసి, ఎవరి టర్కీ కోడిని వాళ్లు తెచ్చి అందులో పెట్టుకునే పద్ధతీ ఉంది. అందుకు వాళ్లు ఇచ్చే డబ్బు బడికో హులా బృందానికో వెళ్తుంది.

ఇంట్లో చుట్టే తీరిక లేనివాళ్లకు హోటళ్లున్నాయి. హొనొలులులోని హెలెనాస్ హవాయియన్ ఫుడ్ 1946 నుంచి, వైపాహులో మొదలైన హైవే ఇన్ 1947 నుంచి లౌలౌ వడ్డిస్తున్నాయి. 2000లో హెలెనాస్‌కు వంటల రంగంలో ఇచ్చే జేమ్స్ బియర్డ్ పురస్కారం వచ్చింది. ఒక లౌలౌ, పోయ్ లేదా అన్నం, ఉప్పు సాల్మన్‌ను టమాటాతో ఉల్లిపాయతో నలిపిన లోమి, కొబ్బరిపాల హౌపియా ముక్క. ఇదీ పళ్లెం. కోడి మాంసంతో, గొడ్డు మాంసంతో, మాంసం మానేసినవాళ్ల కోసం చిలగడదుంపతో చేసేవాళ్లూ ఉన్నారు.

2020 జనాభా లెక్కల ప్రకారం హవాయి మూలవాసుల్లో సగానికి పైగా దీవుల్లో లేరు, అమెరికా ప్రధాన భూభాగంలో ఉన్నారు. ఇళ్ల ధరలు తట్టుకోలేక వెళ్లినవాళ్లు చాలామంది. లాస్‌వేగస్‌ను తొమ్మిదో దీవి అని పిలుచుకుంటారు. అక్కడ కీ ఆకు దొరక్కపోతే అరటి ఆకో అల్యూమినియం రేకో చుడతారు. చేమ ఆకు లేకపోతే పాలకూర వేస్తారు. చేమ ఆకు కావాలనుకున్నవాళ్లు ఫిలిప్పీన్ దుకాణాలకూ, పాత్రా అనే గుజరాతీ వంట కోసం ఆ ఆకు తెప్పించే భారతీయ దుకాణాలకూ వెళ్తారు.

పసిఫిక్‌లో లౌలౌకు చుట్టాలు చాలామంది. సమోవాలో చేమ ఆకులో చిక్కటి కొబ్బరిపాలు పోసి కట్టేది పలుసామి. టోంగాలో ఆకులో మాంసం, కొబ్బరిపాలు కలిపి పెట్టేది లూ. ఫిజీలో చేమ ఆకును రౌరౌ అంటారు. 1903 నుంచి మద్రాసు రేవులో ఓడలెక్కి చెరకు తోటల కూలికి ఫిజీ వెళ్లినవాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. ఫిజీ భారతీయుల ఇళ్లలో ఈనాటికీ రౌరౌ కూర వండుతారు. మన దగ్గర మాంసం చుట్టే అలవాటు అంతగా లేకపోయినా ఆకులో ఆవిరి పట్టడం బాగా తెలుసు. కోనసీమ పనసాకు పొట్టిక్కలు దానికి సాక్ష్యం.

తెలుగు వంటింట్లో దీన్ని చేసి చూడాలనుకునేవాళ్లకు కావలసినవన్నీ ఇక్కడే ఉన్నాయి. కీ ఆకుకు బదులు సెగ చూపి మెత్తబరిచిన అరటాకు, పెద్ద ఇడ్లీ పాత్ర, కొవ్వున్న మాంసం, రాతి ఉప్పు. చేమ ఆకు మాత్రం కాలువ గట్టున కనిపించిందల్లా కోయకూడదు. కూరకు అమ్మే ఆకే తేవాలి. నాలుగు గంటలకు ముందు పొయ్యి మీంచి దించకూడదు. ముందుగా ఒక్క మూట విప్పి ఆకు కొస రుచి చూడాలి. నాలుక ఏమాత్రం గీరుకున్నా అన్నింటినీ మళ్లీ ఆవిరికి పెట్టాలి. ఈ పని ఒక్కరే పెట్టుకోవద్దు, నలుగుర్ని పిలవండి.